పదకొండో గొంతు

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వార్దియా గాజుగదిలోకి వెళ్లి మైకు ముందు నిలబడింది. పదకొండు మంది కలిసి చేస్తున్న రికార్డులో అప్పటికి పదిమంది పాటలు అయిపోయాయి. మిగిలింది ఆమె ఒక్కతే. పొద్దున బడి భోజనశాలలో రెండు వందల మంది పిల్లలకు వడ్డించి, చేతులకంటిన సూప్ వాసనైనా వదలకముందే బస్సెక్కి వచ్చింది.

గాజుకు ఇవతల ఫిలిపా కూర్చుంది. పాడేవాళ్ల గొంతు రికార్డు చేసి, బీట్‌తో కలిపి, పాటగా తయారుచేసి ఇవ్వడం ఆమె పని. ముప్పై ఆరేళ్లుంటాయి. ఫ్రాన్సు ఉత్తరాన, రూబే ఊళ్లో మూతపడ్డ నూలుమిల్లు మూడో అంతస్తులో ఉంది ఆ స్టూడియో. అక్కడ అందరికీ ఆమె 'ఫిల్'. ఇంటిపేరేమిటని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

ఈ రికార్డంతా టిడ్యాన్ పుణ్యం. కింది అంతస్తులో పేట జనం కోసం నడిచే కేంద్రంలో ఉద్యోగం అతనిది. వెనక ఏ కంపెనీ లేకుండా, ఫోన్లలో, బట్టల బీరువాల్లో దూరి రికార్డు చేసుకునే ర్యాపర్లను రెండేళ్లపాటు వీధివీధీ తిరిగి పోగేశాడు. ఒక పేటవాళ్లకు ఇంకో పేటవాళ్లంటే పడదు. వాళ్లందరినీ ఒకే రికార్డు మీదకు తెచ్చి దానికి 'ఇటుక మీద ఇటుక' అని పేరు పెట్టాడు. ఎర్ర ఇటుకల ఊరికి ఆ పేరు అతికినట్టు కుదిరింది. స్టూడియో గోడ మీద ఒకే ఒక్క నియమం రాసి అంటించాడు: 'ఒకరి మాట మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు.' ఆ ఒక్క వాక్యం చూసే పదకొండు మందీ ఒప్పుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల పాటలన్నీ సరిహద్దు అవతల బెల్జియంలో ఎల్పీలు అచ్చువేసే ఫ్యాక్టరీకి చేరాలి. ఆ గడువు తప్పితే మళ్లీ ఆరునెలలకు గానీ వంతు రాదు.

ఫిలిపా చెయ్యెత్తి సైగ చేసింది. బీట్ మొదలైంది.

మొదటి చరణమంతా తల్లి గురించి. రెండో చరణానికి వచ్చేసరికి వార్దియా కళ్లు మూసుకుంది.

*రెండో అంతస్తు, ఎడమ గుమ్మం, ఊగే కమ్మీ, రాలే సున్నం*
*అడిగి అడిగి అరిగిన గొంతుకు ఆఖరికొచ్చిన మందొకటే*
*నీలం కోటు, చేతిలో తీగ, మూడు మెలికలు, మొన లోపలికి*
*నవ్వుతు అన్నాడు 'ఆగుతుందమ్మా', నమ్మి ఆనింది మా అమ్మ*

ఫిలిపా తలెత్తి గాజు అవతలికి చూసింది.

మూడు మెలికలు, మొన లోపలికి. ఆ ముడి ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తన సైకిలు బుట్టకు ఆ ముడే. కుందేళ్ల గూటి తలుపుకు ఆ ముడే. పిల్లల చేతులు గీసుకుంటాయని తీగ మొనను లోపలికి వంచే మనిషిని ఈ లోకంలో ఆమె ఒక్కరినే చూసింది. ఆయన తన తండ్రి, అర్మిందో మొరాయిష్.

పాట అయ్యాక వార్దియా బయటికొచ్చి నీళ్లసీసా అందుకుంది. మొహం కడిగిన పలకలా ఉంది.

"ఎలా వచ్చిందక్కా?"

"బాగా వచ్చింది." ఫిలిపా కాస్త నీళ్లు నమిలింది. "ఇది... ఏ బిల్డింగు?"

"కాలవ పక్కన పొడుగ్గా ఉంటుంది చూడు, బయటంతా వరండాలు. మొన్న పసుపు రంగేశారు. రంగులెయ్యడం మాత్రం బాగా వచ్చు వాళ్లకి."

"మీ అమ్మగారు?"

"ఉంది. నడుం కింద స్పర్శ లేదు, అంతే. ఆరేళ్లయింది. దుప్పటి దులుపుతూ వరండా కమ్మీకి ఆనుకుంది. ఆ తీగ పదిరోజులు ఆగింది, పదకొండో రోజు ఆగలేదు." సీసా మూత బిగించింది. "కోర్టుకెళ్తే బిల్డింగు సొంతదారులు, అద్దె సంస్థోళ్లు, ఏమన్నారో తెలుసా? కమ్మీ ఊగుతోందని మాకెవరూ చెప్పలేదన్నారు. మా దగ్గర కాయితం లేదు. కేసు పోయింది."

"మరి ఆ నీలం కోటాయన?"

"వాచ్‌మన్. ఆ తర్వాత పని మానేసి వెళ్లిపోయాడంట. పేరు మా అమ్మకి తెలుసు. నేనే అడగలేదు. తెలిస్తే వెతుక్కుంటూ పోతాను. పోతే ఏం చేస్తానో నాకే భయం."

అంతలో టిడ్యాన్ మెట్లు మూడేసి చొప్పున ఎక్కుతూ వచ్చాడు. కింద స్పీకర్లో విన్నాడట. ఆరడుగుల మనిషి, కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఏం పెట్టి కొట్టావే చెల్లీ! మిగతా పదిమందీ ఇన్నాళ్లూ నోరు పుక్కిలించారంతే. ఇదే ఆఖరి పాట. దీని తర్వాత ఇంకేం వినబుద్ధి కాదు ఎవరికీ."

"ఏడవకు అన్నా, అసహ్యంగా ఉంటావు," అంది వార్దియా. మొదటిసారి నవ్వింది.

వాళ్లిద్దరూ వెళ్లాక ఫిలిపా ఆ పాటను ఇంకోసారి విన్నది. తర్వాత ఆ ఫైలును రికార్డులోంచి తీసి, పనికిరాని పాత చప్పుళ్లు దాచుకునే చోట, వేరే పేరుతో పెట్టింది. తప్పు చేసేటప్పుడు చెయ్యి వణకలేదు. తర్వాత ఆమెను ఎక్కువగా భయపెట్టింది అదే.

బుధవారం పొద్దున టిడ్యాన్‌కు ఫోను చేసి, ఫైలు పాడైందనీ తెరుచుకోవడం లేదనీ చెప్పింది. గంట తర్వాత అతనే మళ్లీ చేశాడు.

"వార్దియాతో మాట్లాడాను. మళ్లీ పాడదంట. ఆ మాటలు నోటితో ఒకసారి అనడానికే ఆరేళ్లు పట్టింది, రెండోసారి నావల్ల కాదంది. ఏం చేద్దాం ఫిల్?"

"పది పాటలతోనే పంపిద్దాం."

"పదకొండు ఇటుకలన్నాం కదా," అన్నాడు టిడ్యాన్ నీరసంగా.

*

అర్మిందో తోట ఊరి చివర రైలుపట్టాల పక్కన ఉంది. మిల్లు కార్మికుల కోసం ఎప్పుడో చీలికలుగా పంచిన నేల అది. ఫిలిపా వెళ్లేసరికి ఆయన ముసురులోనే వంగి ఉల్లికాడలకు మట్టి ఎగదోస్తున్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. పోర్చుగల్ కొండల్లోంచి పంతొమ్మిదో ఏట వచ్చి, మిల్లులో నలిగి, మిల్లు పోయాక అద్దె సంస్థ బిల్డింగులకు కాపలా మనిషిగా చేశారు. ఫిలిపా బ్రసెల్స్‌లో పని నేర్చుకుంటున్న రోజుల్లో ఆయన కాలవ పక్క బిల్డింగులో ఉండేవారు. పని ఎందుకు మానేశారంటే నడుం నొప్పి అన్నారు. ఆమె నమ్మింది.

"పనిరోజున వచ్చావేంటి తల్లీ? కూర కోసుకుపోతావా?"

"నాన్నా, కాలవ పక్క బిల్డింగులో ఒకావిడ పడిపోయింది కదా. రెండో అంతస్తు నుంచి."

పార ఆగింది. ఆయన నిటారుగా నిలబడటానికి చాలాసేపు పట్టింది.

"ఎవరు చెప్పారు?"

"ఆవిడ కూతురు. నా దగ్గర పాడుతోంది. మీ గురించే పాడింది."

ఆయన పనిముట్ల గుడిసెలోకి నడిచారు. లోపల రెండు పీటలు, ఒక కిరసనాయిలు పొయ్యి. కూర్చున్నాక చేతులు ఒళ్లో పెట్టుకుని వాటికే చెబుతున్నట్టు చెప్పారు.

"మూడుసార్లు రాసిచ్చాను ఆఫీసుకి. కమ్మీ అతుకు ఊడింది, వెల్డింగు చేసేవాణ్ని పంపండని. మూడోసారి ఒక కుర్రాఫీసరు ఫోను చేసి, ఈ ఏటి డబ్బయిపోయింది, ఎలాగో సర్దు అన్నాడు. తీగ పెట్టి సర్దాను. అది ఆగదని నాకు తెలీదా? తెలుసు. ఆవిడడిగితే మాత్రం ఆగుతుందన్నాను."

"మూడుసార్లు రాసిచ్చారా? మరి కోర్టులో ఎవరూ చెప్పలేదన్నారంట!"

అర్మిందో తల ఎత్తలేదు.

"ఆవిడ పడ్డ వారానికి నన్ను పిలిచారు. కాయితం ఒకటి రాసి ఉంచారు. నా దృష్టికి ఏ ఫిర్యాదూ రాలేదు, నేను పైకి పంపనూ లేదు అని ఉంది. సంతకం పెడితే, పని మానేసినా సరే, పెన్షను వచ్చేదాకా ఇల్లు నీదే అన్నారు. పెట్టకపోతే తీగ కట్టింది నువ్వు కాబట్టి జైలు నీదే అన్నారు. అప్పుడు మీ అమ్మకి రెండో ఆపరేషను. ఆసుపత్రి నుంచి ఎక్కడికి తీసుకురాను? పెట్టాను."

పాట విన్నప్పుడు అది నిందేమో అనుకుంది ఫిలిపా. తీరా చూస్తే పాటే తక్కువ చెప్పింది.

"ఆ ఉత్తరాల నకళ్లున్నాయా?"

"నా డ్యూటీ పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకం వాళ్ల దగ్గరుంది. నా దగ్గరున్నది ఈ నోరొక్కటే. దాన్ని ఆరేళ్లుగా మూసుకునే ఉన్నాను." చెయ్యి చాపి, "ఆ పాట వినిపించు," అన్నారు.

ఆమె ఫోను తీసి హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకు పెట్టింది. ఒకసారి విన్నారు. వేగంగా ఉంది, ఇంకోసారి పెట్టమన్నారు. మూడోసారి విని, తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"అంతా నిజమే. ఒక్కటి తప్ప. నేను నవ్వలేదు."

"అయితే ఆ మాట మార్చమందాం నాన్నా! మొత్తం చరణం తీసెయ్యమని..."

"వద్దు." ఆయన గొంతు పెంచడం ఆమె ఏ పదేళ్ల కిందటో విన్నది. "నవ్వానేమో. భయమేసినప్పుడు మనిషి నవ్వుతాడు. నాకు గుర్తులేకపోవచ్చు. ఆ పిల్ల పాట జోలికి పోకు."

తానప్పటికే పోయానని ఫిలిపా చెప్పలేదు.

*

గురువారం నాలుగింటికి పదకొండు మందీ స్టూడియోకు వచ్చారు. రికార్డు పంపేముందు అందరూ కూర్చుని వినాలన్నది ముందే అనుకున్న మాట. వాళ్లలో ఒకడైన గెటాన్ తన వేపుడు బండి నుంచి పెద్ద పొట్లాల నిండా వేడి ఆలూముక్కలు తెచ్చాడు. నూనె వాసన, తడికోట్ల వాసన కలిసి గదంతా నిండింది.

"కిటికీ తియ్యండ్రా, ర్యాపర్లమో వేపుడు ముక్కలమో తెలీట్లేదు," అన్నారెవరో.

పది పాటలు అయ్యాక టిడ్యాన్ లేచి, పదకొండోది పాడైందని చెప్పాడు. నవ్వులు ఆగిపోయాయి. వార్దియా గోడకానుకుని నిలబడి ఉంది.

"ఒక్క మాటడుగుతా అన్నా," అంది. "పదిమందివీ పాడవలేదు. నాదే పాడైంది. అద్దె సంస్థని తిట్టింది నేనొక్కదాన్నే. నీ కేంద్రం ఉన్న ఈ మిల్లు ఎవరిది?"

టిడ్యాన్ మొహం వాడిపోయింది. "వాళ్లదే. ఆ సంగతి అందరికీ తెలుసు. అయితే?"

"అయితే ఏముంది? ఫోనొచ్చి ఉంటుంది."

"నా తల్లి మీద ఒట్టు, ఎవరూ చెయ్యలేదు!"

"నా తల్లి మీద కూడా ఒట్టెయ్యి మరి. కుర్చీలో ఉంది, లేచి నిన్ను కొట్టలేదులే."

గెటాన్ చేతిలో పొట్లం కింద పెట్టేశాడు. చల్లగా ఉండే మనిషి, ఎర్రబడ్డాడు. "చూడన్నా, నువ్వమ్ముడుపోయావని నేననను. కానీ ఈ పిల్ల పాట లేకపోతే నాదీ తీసెయ్. ఆ గోడమీద రాసింది చూసే నేనొచ్చింది."

"నాదీ," అన్నారు వెనక నుంచి. "నాదీ తీసెయ్." ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. ఆరుగురు. ఏడుగురు. రెండేళ్లు తిరిగి తిరిగి పేర్చిన గోడ ఒక్కొక్క ఇటుకే జారుతుంటే టిడ్యాన్ చేతులు చాపి నిలబడ్డాడు, ఎవరి భుజం పట్టుకోవాలో తెలియనట్టు.

ఫిలిపా తేలు కుట్టిన దొంగలా తన బల్ల దగ్గర కూర్చునే ఉంది. నోరు తెరవకపోతే రేపటికి అంతా అయిపోతుంది. రికార్డు ఉండదు, పాట ఉండదు, తండ్రి పేరు ఎప్పటికీ బయటపడదు. నింద టిడ్యాన్ మోస్తాడు. కళ్లెదుటే మోస్తున్నాడు కూడా. ఆమె చూస్తుండగా ఆ ఆరడుగుల మనిషి కుర్చీలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"పాట పాడవలేదు," అంది ఫిలిపా.

ఎవరికీ వినపడలేదు. లేచి నిలబడి మళ్లీ అంది. "పాట పాడవలేదు. నేనే దాచాను. టిడ్యాన్‌కి ఏమీ తెలీదు."

గది మొత్తం ఆమె వైపు తిరిగింది.

"ఎందుకు?" అంది వార్దియా.

"ఆ నీలం కోటు మనిషి మా నాన్న."

బయట ట్రాము వెళ్తున్న చప్పుడు వినిపించింది. వార్దియా నెమ్మదిగా నడిచి వచ్చి బల్లకు అవతల నిలబడింది. కొడుతుందేమో అనుకున్నారు అందరూ. ఫిలిపా కూడా అదే అనుకుంది, పక్కకు జరగలేదు.

"మంగళవారం మా అమ్మ ఎలా ఉందని అడిగావు. తెలిసే అడిగావా?"

"అప్పుడే తెలిసింది."

"పెట్టు."

ఫిలిపా ఫైలు తెరిచి పెట్టింది. పాట మొత్తం వినిపించింది. అయిపోయాక వార్దియా ఫైలు నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో తీసుకుంది.

"అక్కా అని పిలిచాను నిన్ను," అంది. "వెళ్లిపో ఇక్కణ్నుంచి."

ఫిలిపా తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మెట్ల మీద టిడ్యాన్ వెంటబడ్డాడు. "రేపు పన్నెండుకి పంపాలి! మిక్సింగ్ నాకు రాదు, ఇక్కడెవరికీ రాదు!"

"వెళ్లమన్న మాట వార్దియాది," అంది ఫిలిపా. "గోడమీద అదే కదా రాశావు."

*

ఆ సాయంత్రం తండ్రికి అంతా చెప్పింది, ఫైలు దాచిన సంగతితో సహా. ఆయన తిట్టలేదు. "నా కూతురివే," అన్నారు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

శుక్రవారం ఎనిమిదిన్నరకు అర్మిందో బూడిదరంగు కోటు వేసుకుని, టై కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. భార్య అంత్యక్రియలకు వేసుకున్న కోటది.

"ఎక్కడికి నాన్నా?"

"ఆవిడ దగ్గరికి. ఇల్లు నాకు తెలుసు. ఇంతకుముందు రెండుసార్లు సందు మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను."

"వాళ్లు మిమ్మల్ని ఏమన్నా చేస్తే?"

"చెయ్యనీ."

ఆయనను ఒక్కరినీ పంపడానికి మనసొప్పక ఫిలిపా వెంట వెళ్లింది. ఆ ఇల్లు నేల అంతస్తులోనే ఉంది. గుమ్మం ముందు చక్రాల కుర్చీ కోసం సిమెంటు వాలు పోసి ఉంది. తలుపు తీసింది వార్దియా. ముందు ఫిలిపాను చూసింది. తర్వాత వెనకనున్న ముసలాయన్ను చూసింది. ఆయన నీలం కోటు వేసుకోలేదు, అయినా ఎవరో ఆమెకు చెప్పక్కర్లేకపోయింది.

"ఎంత ధైర్యం!" అంది. తలుపు వేయబోయింది.

"ఎవరే?" అని లోపల నుంచి వినిపించింది. ఆ వెంటే చక్రాల చప్పుడు. వార్దియా తల్లి తావూస్ ముందుగదిలోకి వచ్చింది. పూల గౌను, తలకు గుడ్డ, ఒళ్లో సగం ఒలిచిన చిక్కుడుకాయలు. ఆయన్ను తేరిపార చూసింది.

"ముసలాళ్లయిపోయారే అర్మిందో గారూ," అంది. "లోపలికి రానివ్వవే వాళ్లని. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడే అలవాటు మనింట్లో లేదు."

లోపలికి వచ్చారు గానీ ఆయన కూర్చోలేదు. మూడు ఉత్తరాల సంగతి, కుర్రాఫీసరు ఫోను, సంతకం పెట్టిన కాయితం, అన్నీ నిలబడే చెప్పారు. భార్య జబ్బు గురించి మాత్రం చెప్పలేదు. ఫిలిపా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

తావూస్ చిక్కుడుకాయలు ఒలవడం ఎప్పుడో ఆపేసింది.

"అంటే వాళ్లకి ముందే తెలుసన్నమాట."

"తెలుసమ్మా."

"మా లాయరు అడిగితే ఎవరూ చెప్పలేదన్నారు. ఎవరో ఒకాయన రాసిచ్చాడన్నారు. ఆ ఒకాయన మీరేనా?"

"నేనే."

వార్దియా ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. "తీగ కట్టి నవ్వింది చాలక..."

"ఎవరు నవ్వారే?" అంది తావూస్.

"ఆయనే! నవ్వుతూ ఆగుతుందమ్మా అన్నాడని నువ్వే కదా చెప్పావు!"

"నేనా? ఆయనెక్కడ నవ్వాడు? నాలుక పళ్లమధ్య పెట్టుకుని, ప్రపంచంలో ఇంకేం పనిలేనట్టు ఆ ముడేస్తుంటే చూసి నేను నవ్వాను. ఇంత శ్రద్ధగా మా ఆయన పెళ్లిలో బూట్ల తాళ్లు కూడా కట్టుకోలేదన్నాను. ఆసుపత్రిలో నేనేం చెప్పానో, నువ్వేం విన్నావో."

అర్మిందో కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన తుడుచుకోవడం లేదు.

"అది చూసి మురిసిపోకండి," అంది తావూస్ ఆయనతో. గొంతు ఇప్పుడు రాయిలా ఉంది. "తీగ మీద నాకు కోపం లేదు. చేతనైంది చేశారు. కానీ ఆ సంతకం... నేను మంచంమీదుంటే ఈ పిల్ల చదువు మానేసి నాకు స్నానం చేయించింది. అదంతా మీ సంతకం కిందే ఉంది. దానికి నా దగ్గర క్షమాపణ లేదు. ఇప్పుడే లేదో, ఎప్పటికీ లేదో నాకు తెలీదు."

"దానికోసం రాలేదమ్మా. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"లాయరు దగ్గర ఇదంతా చెప్పండి. ఇప్పుడు చెప్పినట్టే, నిలబడి."

"చెప్తాను."

"మీ పెన్షను పోతే?"

"తోటలో కూరలున్నాయి," అన్నారు ఆయన. పరిహాసానికి కాదు, నిజంగానే లెక్కేసుకుని చెప్పినట్టు అన్నారు.

వార్దియా కిటికీ దగ్గరకు వెళ్లి వీపు చూపించి నిలబడింది. గోడ గడియారం తొమ్మిదిన్నర దాటింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందేమో అనుకుంది ఫిలిపా. కాదు, వేలితో కిటికీ చట్రం మీద తాళం వేస్తోంది.

"నా పాటలో అబద్ధం ఉంది," అంది ఇటు తిరక్కుండానే. "అబద్ధం పెట్టుకుని అంతమందికి వినిపించలేను. రెండో చరణం మార్చాలి." అప్పుడు తిరిగింది. "ఆ మిషన్లు నడపడం ఈ ఊళ్లో ఇంకెవరికన్నా వచ్చా?"

"ఇంత తక్కువ టైములో... రాదు," అంది ఫిలిపా.

"సరే, పద. నువ్వు మాట్లాడొద్దు. బటన్లు నొక్కు చాలు."

*

పదింబావుకు స్టూడియో చేరారు. టిడ్యాన్ రాత్రంతా అక్కడే ఉన్నట్టున్నాడు, గడ్డం మాసి, ఏవో బటన్లు నొక్కి పది పాటల్లో రెండింటిని పాడుచేసి పెట్టాడు. ఇద్దరూ కలిసి రావడం చూసి కుర్చీలోంచి లేచాడు గానీ ఏమీ అడగలేదు. ఆ మాత్రం తెలివి ఉన్నవాడే.

మొదటిసారి వార్దియా గొంతు మధ్యలో తెగిపోయింది. రెండోసారి మాట తడబడింది. పదకొండు దాటింది. టిడ్యాన్ కిటికీ దగ్గర గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఫిలిపా మాట్లాడొద్దన్న షరతు దాటి, మైకు బటను నొక్కి ఒక్క మాట అంది.

"బీట్ కొంచెం తగ్గిస్తాను. నీ గొంతు నీకు వినపడాలి."

వార్దియా గాజు అవతల నుంచి చూసింది. తల ఊపింది. మూడోసారి మొదలుపెట్టింది.

*నవ్వింది ఆయన కాదు, అమ్మ, నవ్వంటేనే నమ్మకమమ్మా*
*మూడు మెలికలు కట్టిన చేతికి ముడిపడ్డదొక్క సంతకం*
*'ఎవరూ చెప్పలేద'ని రాసిచ్చి, ఏమీ ఎరగని మొహమేసి*
*తన గూడు నిలుపుకున్నాడు, తడబడుతూ, మా గూడు కూల్చి*

మొదట పాడినదానికన్నా ఇది కఠినంగా ఉంది. అయినా ఫిలిపా వేళ్లు కదులుతూనే ఉన్నాయి. 'సంతకం' అన్నచోట వార్దియా ఊపిరి కాస్త వెనకబడింది. దాన్ని సరిచేయవచ్చు. ఫిలిపా సరిచేయలేదు, అలాగే ఉంచింది. ఆ ఊపిరి తండ్రికి వినపడాలి, ఆ ఆఫీసరుకు వినపడాలి, అందరికీ వినపడాలి.

టిడ్యాన్ పాడుచేసిన రెండింటినీ మళ్లీ సరిచేసి, పదకొండింటినీ వరసలో పేర్చేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది. ఫైళ్లు వెళ్లడం మొదలైంది. తెరమీద అంకె తొంభై దగ్గర ఆగిపోయింది. ముగ్గురూ కదలకుండా చూశారు.

"వెళ్లవే, నీకు దణ్ణం పెడతా," అన్నాడు టిడ్యాన్ కంప్యూటరుతో.

పన్నెండుకు రెండు నిమిషాలుండగా ఫ్యాక్టరీ నుంచి అందిందని జవాబు వచ్చింది. టిడ్యాన్ నేలమీద వెల్లకిలా పడుకుండిపోయాడు.

"అట్టమీద పేర్లు ఇంకా పంపలేదు," అన్నాడు కాసేపటికి పైకప్పుతో. "ఫిల్ అని వెయ్యాలా?"

"ఫిలిపా మొరాయిష్ అని వెయ్యి," అంది ఆమె.

వార్దియా కోటు తొడుక్కుంటూ ఆగింది. తలుపు మెల్లగానే వేసుకుని వెళ్లింది.

తర్వాతి మంగళవారం అర్మిందో తావూస్ తరఫు లాయరు ముందు మూడు గంటలు నిలబడి మాట్లాడారు. లాయరమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. పాత కేసు తిరగదోడటం కష్టమనీ, అయినా డ్యూటీ పుస్తకాన్ని కోర్టులో పెట్టమని అడిగే దారి ఒకటుందనీ ఆమె చెప్పింది. మాటివ్వలేనంది.

రికార్డు వసంతంలో వచ్చింది. విడుదలకు వారం ముందు అద్దె సంస్థ పదకొండో పాట తీసేయమని, లేదంటే కేంద్రం ఖాళీ చేయమని ఉత్తరం రాసింది. టిడ్యాన్ పదకొండు మందినీ పిలిచి ఉత్తరం చదివి వినిపించాడు.

"నీ ఉద్యోగం పోద్దేమో అన్నా," అంది వార్దియా.

"పోతే గెటాన్ బండి దగ్గర ఆలుగడ్డలు చెక్కుతా."

"నీకా చాకు ఇచ్చేది? వేళ్లు కూడా వేయించుకుతింటావు," అన్నాడు గెటాన్.

జవాబు కింద పదకొండు సంతకాలు పెట్టారు. పాట రికార్డులో అలాగే ఉంది. కేంద్రం ఖాళీ చేయించే కేసు ఇప్పటికీ నడుస్తోంది.

విడుదల ఆదివారం మధ్యాహ్నం పాత ఉన్ని గిడ్డంగిలో జరిగింది. తావూస్ ముందు వరసలో ఉంది. అర్మిందో రాలేదు. ఎవరూ పిలవలేదు, ఆయనా అడగలేదు. ఫిలిపా హాలు వెనక మిషన్ల దగ్గర నిలబడి పనిచేసింది. వార్దియా పాట అయ్యాక జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు.

సామాన్లు సర్దేటప్పుడు వార్దియా వచ్చి తీగలు చుట్టడంలో చెయ్యి వేసింది.

"కోర్టువాళ్లు ఆ డ్యూటీ పుస్తకం ఇమ్మని సంస్థోళ్లకి చెప్పారంట. లాయరు ఫోను చేసింది," అంది తలెత్తకుండా. "వాయిదా జూన్ తొమ్మిదిన."

"నాన్న చెప్పారు. వస్తారు."

"నా పాట ఇంకోసారి దాచావంటే చేతులు విరగ్గొడతాను."

"సరే," అంది ఫిలిపా.

వార్దియా చుట్టిన తీగను పెట్టెలో వేసి, బయట వానలో ఎదురుచూస్తున్న తల్లి దగ్గరకు గొడుగు పట్టుకుని పరిగెత్తింది.